అప్పలస్వామి కోరపన్ను కింది స్క్రూ

ఇరవై ఎనిమిదేళ్లు ఇతరుల నోళ్లలోకి తొంగిచూసి, యాభై నాలుగో ఏట మెడ మొరాయించడంతో క్లినిక్ బోర్డు దించేశాను. నా మెడ ఇప్పుడు ఎడమకి తిరగదు. బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర ఎవరైనా ఎడమ పక్కనుంచి పలకరిస్తే నేను సరుకుల ఓడలా మొత్తం మనిషిని తిప్పుకోవాలి. ఆ తిరిగేలోపు ఫెర్రీ పోర్ట్ బ్లెయిర్ వెళ్లి వచ్చేస్తుందని మా ఆయన అంటాడు. ఆయన మాట నమ్మకండి. కోతలు కోయడంలో ఆయన నా తర్వాతే గానీ, ఆయన తర్వాత ఇంకెవరూ లేరు.

ఈ మధ్య మా దీవుల పిల్లలు దంతవైద్యం చదువుకుని వస్తున్నారు. వాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్ల కోసం, చదవలేనివాళ్లకి వాళ్ల అమ్మలు చదివి వినిపిస్తారన్న ఆశతో ఇది రాస్తున్నాను. ఎన్ని పళ్లు పీకానో చెప్పను. వరసగా పేరిస్తే ట్రంకు రోడ్డు పొడుగునా ఫెరార్గంజ్ దాకా వస్తాయి, అంతటితో వదిలేద్దాం. నేను చెప్పదలచుకున్నది ఒక్క స్క్రూ గురించి. ఇన్నేళ్ల సర్వీసులో నాకు నిద్ర పట్టనివ్వనిదీ అదే, నన్ను కుర్చీలోంచి ఎగిరి గంతేయించిందీ అదే. దాని పేరెత్తితే ఇప్పటికీ నా మెడ నొప్పి తగ్గుతుంది.

అసలు పట్టుకునేది ఎవరు

పన్ను పోయిన చోట దవడ ఎముకలోకి టైటానియం వేరు ఒకటి మర తిప్పి దింపుతాం. దాన్నే ఇంప్లాంట్ అంటాం. కొన్ని నెలల్లో ఎముక దాన్ని తన సొంత బిడ్డలా పట్టేసుకుంటుంది. అప్పుడు దాని నెత్తిమీద ఒక పొట్టి స్తంభం నిలబెట్టి, స్తంభానికి పింగాణీ పన్ను తొడుగుతాం. జనం పన్ను చూసి మురుస్తారు. డాక్టర్లు ఎక్స్‌రేలో ఎముక చూసి మురుస్తారు. ఈ స్తంభాన్నీ ఆ వేరునీ కలిపి పట్టుకునే స్క్రూ ఒకటి లోపల ఉంటుంది. బియ్యపు గింజకి పెద్దన్నలాంటిది. దాని మొహం చూసేవాడు లేడు.

ఎండు నెత్తళ్లు, కొబ్బరి ముక్క, ఎవరిమీదో కోపం, మనిషి ఏది నమిలినా దవడ కిందనుంచి సమ్మెట దెబ్బలు వేస్తూనే ఉంటుంది. మామూలు పన్నుకి చుట్టూ సన్నని నరాల పరుపు ఉంటుంది, దెబ్బ తగలగానే కొంచెం లొంగుతుంది, 'అబ్బా' అని కబురు పంపుతుంది. ఇంప్లాంట్ కింద ఆ పరుపు లేదు. లొంగడం తెలీదు, కబురు పంపడం తెలీదు. ఎంత బలం వచ్చినా వేరుకీ స్తంభానికీ మధ్య ఉన్న కీలు దగ్గరే తేలాలి. ఆ కీలు విడిపోకుండా కాసేది ఈ గింజంత స్క్రూ. పాతికేళ్లుగా చెబుతున్నాను, దీనికి ఎవరూ సన్మానం చేయలేదు.

మణికట్టు గర్వం

పోర్ట్ బ్లెయిర్‌లో నేను మొదట పనిచేసింది కేరళ నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరు గారి దగ్గర. రెండేళ్లుండి పోదామని ఓడ దిగి ముప్పై ఏళ్లు ఉండిపోయిన మనిషి. ఆయన మీసం గుమ్మంలోకి వచ్చిన కాసేపటికి ఆయన వచ్చేవారు. మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ హిందీలోనే.

చేరిన కొత్తలో ఒక ఆఫీసు దీదీకి నేను సొంతంగా ఇంప్లాంట్ పన్ను బిగించాను. చేత్తోనే. నా మణికట్టు మీద నాకంత నమ్మకం. హోప్ టౌన్‌లో బావి నీళ్లు తోడి పెరిగిన చెయ్యి కదా, ఇంక రెంచి ఎందుకు అనుకున్నాను. మూడు వారాలకి ఆవిడ పన్నుని రుమాల్లో చుట్టి తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, ఇది మీదే అనుకుంటా అంది.

పెద్దాయన తిట్టలేదు. కొలత గీత ఉన్న చిన్న రెంచి తీసి నా చేతిలో పెట్టారు. ముల్లు గీత దగ్గరికి వచ్చేదాకా తిప్పమన్నారు. తిప్పాను. అయిపోయిందని చేతి తొడుగులు తీయబోతే కూర్చోమన్నారు. ఆయన టీ తెప్పించుకున్నారు. దీదీ నోరు తెరుచుకుని, నేను కళ్లు తెరుచుకుని, ఆయన పేపరు తెరుచుకుని పది నిమిషాలు కూర్చున్నాం. ఆ పది నిమిషాల్లో నాకు సగం జుట్టు నెరిసింది. అప్పుడు మళ్లీ రెంచి పెట్టమన్నారు. పెట్టాను. గీత దాకా బిగించిన ఆ స్క్రూ ఇంకొంచెం తిరిగింది.

నేను నోరెళ్లబెట్టాను. ఎంత నున్నగా చేసిన లోహమైనా దగ్గరగా చూస్తే గతుకుల రోడ్డేననీ, బిగింపుకి ఆ గతుకులు మెల్లగా నలిగి చదునవుతాయనీ, చదునైనంత మేరా పట్టు తగ్గుతుందనీ ఆయన చెప్పారు. అందుకే రెండోసారి. ఆపైన ఒక్క మాట అన్నారు.

"స్క్రూ బైఠ్‌నే తక్ హమ్ భీ బైఠేంగే."

అది కూర్చునేదాకా మనమూ కూర్చుందాం అని. పిల్లలూ, మీ కాలేజీలో ఎన్ని పుస్తకాలు ఇచ్చినా ఈ పది నిమిషాలు ఎవరూ ఇవ్వరు. తరువాతి పేషెంటు బయట దగ్గుతూ ఉంటాడు. దగ్గనివ్వండి.

కోరపన్ను వచ్చింది

తరువాత బాంబూఫ్లాట్‌లో సొంత క్లినిక్ పెట్టుకున్నాను. అప్పటికి నా చేతిలో స్క్రూ వదులవడమంటూ లేదు. పొగరు మళ్లీ మొదలైంది. సరిగ్గా అప్పుడు అప్పలస్వామి మావయ్య వచ్చాడు.

మాదీ ఆయనదీ హోప్ టౌనే. మా తాతల కాలంలో శ్రీకాకుళం సముద్రం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చి ఈ ఒడ్డున పడ్డ జనం. మా నాన్న వేటకి పోతే అమ్మ వలలు అల్లేది. మా వాకిట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు వల పరుచుకుని కూర్చునే ఉండేవాళ్లు. నేను ఆ పక్కకి వెళ్తే మాత్రం అమ్మ చేతిమీద ఒక్కటి వేసి పుస్తకం ముందుకి తోసేది. అలా తోయగా తోయగా నేను డాక్టరునయ్యాను.

అప్పలస్వామి మావయ్యకి అరవై దగ్గరపడ్డాయి. నడుము పట్టేశాక సముద్రం మానేసి ఇంటి దగ్గరే వలలు బాగుచేస్తాడు. ఈ రేవునుంచి ఆ రేవుదాకా చిరిగిన వలంటే ఆయన గుమ్మానికే. సొరచేప చీల్చిన వలైనా పొద్దున ఇస్తే సాయంత్రానికి ఆ సొరచేపే వచ్చి క్షమాపణ చెప్పేంత శుభ్రంగా కుట్టి ఇస్తాడు. ఒకరోజు ఎవరిదో డింగీ పడవ ఇంజిన్ స్టార్టు చేసిపెడదామని హ్యాండిల్ తిప్పితే, అది వెనక్కి తన్ని పైదవడ ఎడమ కోరపన్ను ఎగరగొట్టింది.

ఆయనకి ఇంప్లాంటే కావాలి. తీసి పెట్టుకునేది వద్దన్నాడు. పక్క పళ్లని అరగదీసి వంతెన కడతానన్నా వద్దన్నాడు. అవతలివైపు నమలచ్చు కదా మావయ్యా అంటే తల అడ్డంగా ఊపాడు. "నాకా పన్ను గావాల బేటీ. ఎలాగైనా నిలబెట్టు," అన్నాడు. ఈ వయసులో ఇంత సోకేమిటా అని నవ్వుకున్నాను. ఆయన భార్య నూకాలమ్మ అత్తని పక్కకి పిలిచి, మావయ్యని కాస్త కనిపెట్టుకుని ఉండమని కూడా చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పరీక్ష చేస్తే పక్క పన్ను అంచున సన్నని గాడి ఒకటి కనబడింది, రంపంతో గీసినట్టు. కార్డు మీద 'పీతల గాటు' అని రాశాను. ఎంత ధీమాగా రాశానంటే కింద గీత కూడా గీశాను.

నిషేధాల కాలం

ఇంప్లాంట్ బ్రహ్మాండంగా అతికింది. పన్ను తొడిగాను. గీత దాకా బిగించాను, పది నిమిషాలు కూర్చున్నాను, మళ్లీ బిగించాను. రెండు నెలలకి మావయ్య వచ్చి, వేలితో పన్నుని మీటి చూపించాడు. ఊగుతోంది.

స్క్రూ వదులైంది. తీసి, కడిగి, మళ్లీ బిగించి విచారణ మొదలుపెట్టాను. ఏం తింటున్నావు మావయ్యా? సుపారీ అన్నాడు. ఇంకేం, దొంగ దొరికాడు. మా దీవుల వక్క అంటే మాటలా, దాంతో గోడకి మేకు దిగ్గొట్టచ్చు. సుపారీ బంద్ అన్నాను. నలభై ఏళ్ల అలవాటు ఆయన ఆ పూటే మానేశాడు. మళ్లీ రెండు నెలలు తిరక్కుండా వచ్చాడు. ఊగుతోంది. ఈసారి పీతలు బంద్. దాంతోపాటు ఎండు చేపలు, కొబ్బరి, వేయించిన శనగలు, చెరకు. ఎందుకైనా మంచిదని వడియాలు కూడా రాశాను.

నిద్రలో పళ్లు కొరుకుతాడేమోనని ప్లాస్టిక్ తొడుగు చేసిచ్చాను. వారానికి నూకాలమ్మ అత్త బస్సెక్కి నా క్లినిక్‌కి వచ్చింది.

"డాక్టరమ్మా, ఈ మనిషి గంజి తాగతన్నాడు. ఉత్తి గంజి. ఊరంతా నన్ను సూసి నవ్వతన్నారు, మొగుడికి కూడెట్టనేదని. ఇంకేటి మానిపిస్తావు, గాలా?"

నేను ఆ రాత్రికి అన్నం సరిగ్గా తినలేదు. సానుభూతితో కాదు, కోపంతో. గంజికి వదులైపోయే స్క్రూ నా చేతిలోంచి వెళ్లిందా?

మా ఆయన ఫెర్రీ ఇంజిన్ల ఫిట్టరు. నా బాధంతా విని, చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"డాక్టర్ సాబ్, బోల్టు దేనివల్ల పట్టుకుంటుందో నీకు తెలుసా?"

దాని ఒంటికున్న మరచుట్ల వల్ల అన్నాను. పేషెంట్లకి కూడా అదే చెబుతున్నావా అన్నాడు. తర్వాత తువ్వాలు రెండు చివర్లూ నా చేతికిచ్చి లాగమన్నాడు. బిగించిన బోల్టు సాగుతుందట. కంటికి కనబడనంతే గానీ రబ్బరులా సాగుతుందట. సాగింది గనక వెనక్కి పోదామని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడే రెండు ముక్కల్నీ నొక్కి పట్టుకునేది. పైనుంచి నిటారుగా ఎంత బరువేసినా ముక్కలు ఇంకా దగ్గరికే నొక్కుకుంటాయి, బోల్టుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే పక్కనుంచి లాగితే కీలు ఒక అంచున డబ్బా మూతలా కొద్దిగా తెరుచుకుంటుంది. వదలగానే మూసుకుంటుంది. తెరుచుకున్న ప్రతిసారీ బోల్టుకి ఒక గుంజు. గుంజు గుంజుకీ ఆ సాగుడు కొంచెం కొంచెం జారిపోతుంది. సాగుడు పోయిన బోల్టు ఉన్నా లేనట్టే.

"నీ పేషెంటు గట్టిగా నమలడం కాదు. ఆ పన్నుని ఎవరో పక్కకి లాగుతున్నారు," అన్నాడు.

పన్నుని పక్కకి ఎవరు లాగుతారు, నీ తలకాయ్ అన్నాను. కానీ తువ్వాలు వదల్లేదు. కాలేజీలో అక్షరాల్లో చదివిందాన్ని ఈయన తువ్వాలుతో చూపించాడు. మర్నాడే మావయ్యని పిలిపించి, దవడ పక్కకి జరిగినప్పుడు కింది పళ్లు ఆ కోరపన్నుకి తగలకుండా దాని లోపలివైపు అరగదీశాను. ఇప్పుడు పక్క దెబ్బ లేదు, నిటారు దెబ్బ మాత్రమే. పని పుస్తకానికి ఎక్కించేటంత బాగా చేశాను.

ఆరు వారాలకి మావయ్య వచ్చి అగ్గిపెట్టె తెరిచాడు. అందులో పన్ను. పన్ను అడుగున సగం స్క్రూ.

మిగతా సగం

మిగతా సగం ఇంప్లాంట్ లోపల, బావి అడుగున ఉన్నట్టు ఉంది.

మావయ్యకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ ముక్క బయటికొస్తే కొత్త స్క్రూతో పన్ను మళ్లీ పెట్టచ్చు. రాకపోతే ఇంప్లాంట్‌నే ఎముకతో సహా తొలిచి తీసేయాలి. మిగిలే ఎముకలో ఇంకోటి నిలబడదు. ఆ చోట ఇక పన్ను అనేది ఉండదు. ఆయన చాలాసేపు అగ్గిపెట్టెని తెరిచి మూసి, తెరిచి మూసి, "తియ్యి బేటీ. నానెంతసేపైనా కదల్ను," అన్నాడు.

పోర్ట్ బ్లెయిర్‌కి ఫోన్ చేస్తే పెద్దాయన లైన్లోకొచ్చి, లోపలికి నొక్కకు, తొందరపడకు అని పెట్టేశారు. ఆయన మీసం ఫోన్లోంచి కూడా కనబడింది. మా ఆయన చెప్పింది మాత్రం నాకు ప్రాణం పోసింది. విరిగిన బోల్టు పనికి రాదు, కానీ అది ఇక సాగి లేదు కదా. సాగుడు పోయింది గనక బిర్రుగా ఉండదు, ఊరికే మరలో కూర్చుని ఉంటుంది. దాని మీద బలం చూపిస్తే ఇరుక్కుంటుంది. బతిమాలితే వస్తుంది.

సూది మొన పరికరం తీసుకున్నాను. ముక్క అంచు మీద ఆనించి ఎడమకి, పిల్లి ఒళ్లు నిమిరినట్టు, ఒక్క నిమురు. ఏమీ లేదు. ఇంకొకటి. ఏమీ లేదు. గార తీసే మిషన్ సన్నమొన తెచ్చి అంచుకి తగిలించి జుమ్మని కంపింపజేశాను. మళ్లీ నిమురు. ఇలా ఎంతసేపో చెబితే నమ్మరు. ఆ సేపట్లో మావయ్య రెప్ప తప్ప ఏదీ కదపలేదు. నా నుదుటి చెమటతో కళ్లద్దాలు మసకబారాయి. నా మెడ అప్పుడే పోయిందని నా గట్టి అనుమానం.

అప్పుడు దీపం వెలుగులో ఒక మెరుపు చోటు మార్చింది.

అంతే, వెంట్రుకవాసి. కానీ చోటు మార్చింది. ఊపిరి బిగబట్టి మళ్లీ నిమిరాను. ఇంకాస్త. ముక్క తిరుగుతోంది. నిజంగా తిరుగుతోంది. మరచుట్ల వెంట మెట్టు మెట్టుగా ఎక్కి వస్తోంది, బావిలోంచి చేద వచ్చినట్టు. అంచు దాకా వచ్చాక తడి దూదికి అంటుకుని బయటికొచ్చేసింది. నేను వేసిన కేకకి జెట్టీలో ఫెర్రీ టైముకి ముందే హారన్ కొట్టి బయల్దేరిందని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే.

మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. పన్ను వెంటనే పెట్టెయ్యమన్నాడు. ఆగు మావయ్యా, ఇది ఎందుకు విరిగిందో తెలియకుండా పెడితే మళ్లీ అగ్గిపెట్టె తెస్తావు అన్నాను. కాదనలేక వెళ్లాడు.

ఒకే వైపు గీతలు

సాయంత్రం ఆ రెండు ముక్కల్నీ భూతద్దం కింద పెట్టి మా ఆయనకి చూపించాను. విరిగిన మొహం మీద ముప్పావు భాగం నున్నగా, అల వెనక్కిపోయాక ఇసుక మీద మిగిలే చారల్లా వంపు గీతలతో ఉంది. మిగతా పావూ గరుకు. నున్ననిది రోజూ కొంచెం కొంచెంగా చీలిన చోటు, గరుకుది చివర్లో ఒక్కసారిగా తెగిన చోటు అని ఆయన చెప్పాడు. గీతలన్నీ ఒకే అంచునుంచి మొదలయ్యాయి.

"అటూ ఇటూ ఊగితే రెండు పక్కల్నుంచీ చీలాలి. ఇది ఒకే వైపు నుంచి. నేనిలాంటివి చాలా చూశాను సాబ్. జెట్టీలో తాడు కట్టే ఇనప గుంజ ఉంటుంది చూడు, దాని కింది బోల్టు అచ్చం ఇలాగే తెగుతుంది. మీవాడి పన్నుకి ఎవరో తాడు కట్టి లాగుతున్నారు."

నేను నవ్వబోయి ఆగిపోయాను.

మర్నాడు పొద్దున్నే హోప్ టౌన్ వెళ్లాను. మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నీలం నైలాను వల, వల కొస కాలి బొటనవేలికి తగిలించి ఉంది. కుడిచేతిలో దారం చుట్టిన వెదురు కండె వల కన్నులోంచి దూరింది, తిరిగింది, ముడి పడింది. ఎడమచెయ్యి వలని పట్టుకునే ఉంది. ముడి బిగించడానికి మూడో చెయ్యి కావాలి. దారం నోటికి వెళ్లింది, ఎడమ పక్కకి. కోరపన్ను లేని సందులో జారి, పక్క పంటికి చిక్కింది. తల ఎడమకి ఒక్క విదుపు. ముడి చిన్నబోయి కూర్చుంది. వెంటనే ఇంకో ముడి. ఇంకో విదుపు.

నేను రోడ్డు మీద అలాగే నిలబడిపోయాను. పీతల గాటు. కింద గీత కూడా గీశాను. మా అమ్మ నవ్వితే పైపన్ను అంచున సన్నని గాడి కనబడేది. అమ్మలందరి పళ్లూ అలాగే ఉంటాయనుకునేదాన్ని. పద్దెనిమిదేళ్లు ఆ గాడిని చూస్తూ అన్నం తిని, ఐదేళ్లు పళ్ల చదువు చదివి, ఆ తర్వాత పీతల మీద కేసు పెట్టాను.

"మావయ్యా, దారం నోటితో లాగుతావని నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కండె ఆపకుండానే అన్నాడు. "నువ్వు తిండి గురించి అడిగినావు. పని గురించి అడిగినావేటి?"

ఆ పన్ను లేకపోతే ఆయన సగం మనిషట. గుంజుకి పటుత్వం ఉండదు, ముడి నిలవదు, పొద్దున్నిచ్చిన వల సాయంత్రానికి కాదు. పన్ను ఊగడం మొదలైనప్పటినుంచీ జనం వలలు వేరే చోటికి పట్టుకుపోతున్నారు. సోకు అని నేను నవ్వుకున్నది ఆయన కూడు.

లోపల్నుంచి నూకాలమ్మ అత్త వచ్చింది. "అయితే పీతలు తినొచ్చా?"

తినొచ్చు అత్తా అన్నాను. సుపారీ కూడా. ఆవిడ నన్ను చూసిన చూపుకి నైలాను వల కాలిపోయి ఉండాలి.

పిల్లలూ, నా సర్వీసు మొత్తం పిండితే వచ్చేది ఈ ఒక్క చుక్క. ఏం తింటారని అడగండి, తప్పులేదు. దానికంటే ముందు ఏం పని చేస్తారు, ఆ పనిలో మీ పళ్లు ఏం చేస్తాయి అని అడగండి. నేను అడగడం మొదలుపెట్టాక ఏమేం బయటపడ్డాయో చూడండి. కరెంటు వైరు తోలు పంటితో ఒలిచే భయ్యా ఒకడు. నోటినిండా మేకులు పెట్టుకుని నిచ్చెనెక్కే వడ్రంగి. గుండుసూదులు పళ్ల మధ్య పట్టుకుని కబుర్లు చెప్పే దర్జీ దీదీ. వీళ్లెవరూ దాచలేదు. పంటితో చేసేది పనే గానీ పంటి సంగతి అని వాళ్లకి తట్టదు. రెంచి తప్పా, స్క్రూ తప్పా, పేషెంటు తప్పా అని వెతికేముందు, నేను అడిగిన ప్రశ్న తప్పేమో చూసుకోవాలి. నేను చూసుకోలేదు. ఒక మనిషితో నెలల తరబడి గంజి తాగించాను.

ఇత్తడి కొక్కెం

కొత్త స్క్రూ వేశాను. పన్ను కూడా కొత్తది చేయించాను, అంచు గుండ్రంగా, దారం పడితే జారిపోయేలా. మా ఆయన ఇత్తడితో ఒక కొక్కెం చేసి, చిన్న పలక మీద బిగించి, మావయ్య ఎడమ మోకాలి పక్కన అమరేలా అరుగుకి తగిలించాడు. దారం నోటికి బదులు కొక్కేనికి పోవాలి.

మావయ్య వారం రోజులు ఆ కొక్కేన్ని తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం తగలబడుతుంది. నలభై ఏళ్లుగా తల విదిపే అలవాటు. కొక్కేనికి దారం తగిలించి, తల కూడా విదిపేవాడట. వీధిలో పిల్లలు చూసి నవ్వేవారు. రెండో నెలకి తల ఆగింది. మూడో నెలకి వలలు మళ్లీ ఆయన గుమ్మానికి రావడం మొదలయ్యాయి.

ఆరో నెలలో వచ్చాడు. కుర్చీలో పడుకుని నోరు తెరిచాడు. వేలితో పన్నుని మీటాను. రాయి. పన్ను వెనక స్క్రూ కన్నం మీది మూత తీసి రెంచి పెట్టాను. ముల్లు గీత దాకా వచ్చింది. స్క్రూ వెంట్రుకంత కూడా తిరగలేదు. ఎక్కడ కూర్చోబెట్టానో అక్కడే మహారాజులా కూర్చుని ఉంది. ఈసారి కేక వేయలేదు, ఫెర్రీవాళ్లు అప్పటికే ఫిర్యాదు చేసి ఉన్నారు. మావయ్య చెయ్యి పట్టుకుని ఊపేశాను, అంతే. భుజం ఊడుతుందని ఆయన అరిచేదాకా.

మూత పెట్టి, సంతోషం పట్టలేక ఆయనకి నా విద్య అంతా చెప్పేశాను. ఒకసారి బిగించి వదలకూడదు మావయ్యా, కాసేపు ఆగాలి, అది సర్దుకున్నాక మళ్లీ బిగించాలి, అందులోనే ఉంది కిటుకంతా అన్నాను. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను.

"ముడి కూడా అంతే కదమ్మా. ఒక లాగు లాగి ఒగ్గీకూడదు. తడిపి, అది ఒదిగినాక మళ్లీ లాగాల. ఇది నీకెవలు నేర్పినారు?"

పోర్ట్ బ్లెయిర్‌లో మా పెద్ద డాక్టరు గారు అన్నాను. మరి నీకెవరు నేర్పారు అని అడిగాను.

"మీ అమ్మే. మీ వాకిట్లోనే. పంటితో లాగడం కూడా ఆవిడే సూపించింది. నాను పదిహేనేళ్ల గుంటణ్ణి అప్పుడు."

నన్ను మాత్రం ఆ వల దగ్గరికి రానిచ్చేది కాదు మావయ్యా, చదువు పాడవుతుందని, అన్నాను.

"సదువుకేటి? 'నా పిల్ల పళ్లు ముత్యాల్లా ఉన్నాయి, దారం పెడితే గాడి పడిపోతాది' అనీది. తన పన్ను సూపించి మరీ సెప్పీది."

ఆ ఆదివారం మా ఆయనతో కలిసి హోప్ టౌన్ వెళ్లాను. అరుగు మీద మావయ్య పక్కన కూర్చుని వల అల్లడం నేర్పమన్నాను. ఆయన కండె నా చేతికిచ్చి, వల కొస నా బొటనవేలికి తగిలించాడు. కన్నులోంచి దూర్చాను, తిప్పాను, ముడి పడింది. ఎడమచెయ్యి వలని పట్టుకుని ఉంది. దారం దానంతటదే నా నోటి దగ్గరికి వచ్చేసింది.

మావయ్య నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"నోట్లో ఎట్టకమ్మా. పన్ను పోతాది."